డగ్లస్‌ను ఓడించిన ఊళ్లోనే నా కాలు విరిగింది

ప్రశ్న: ముఖ్యమంత్రిగా గొప్ప పేరు తెచ్చుకున్న నాయకులు కేంద్ర రాజకీయాల్లోకి వెళ్లాక ఎందుకు తేలిపోతారు? ఇది మన దేశంలోనేనా, బయటి దేశాల్లోనూ ఇంతేనా?

మన దేశం సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ మాటకొస్తే మన దగ్గర ఈ సూత్రం నిలబడదు కూడా. 1971 నుంచి 1973 దాకా హైదరాబాదులో ముఖ్యమంత్రిగా ఉండి, చివరికి రాష్ట్రపతి పాలన వచ్చి పదవి పోగొట్టుకున్న పి.వి. నరసింహారావు గారే 1991లో ప్రధాని అయ్యారు. రాష్ట్రంలో తేలిపోయి కేంద్రంలో నిలబడ్డారు. అంటే మీ ప్రశ్నకు తలకిందులు.

నేను కెనడా గురించి చెబుతాను. సస్కాచువాన్ రాష్ట్ర రాజధాని రెజైనాలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను కాబట్టి ఆ మాత్రం హక్కు ఉందనుకుంటాను. ఇక్కడ ముఖ్యమంత్రిని ప్రీమియర్ అంటారు. ప్రీమియర్‌గా చేసి ఆ తర్వాత దేశ ప్రధాని అయినవాళ్లు ఈ దేశ చరిత్ర మొత్తంలో ఇద్దరే. ఇద్దరూ నోవా స్కోషియా వాళ్లే, ఇద్దరూ 1890లలోనే: జాన్ థాంప్సన్, చార్లెస్ టప్పర్. ఆ తర్వాత నూట పాతికేళ్లుగా ఒక్కరికీ సాధ్యం కాలేదు. మానిటోబాను ఇరవై ఏళ్లు ఏలిన జాన్ బ్రాకెన్ దిల్లీకి, అదే, ఒట్టావాకు వెళ్లి బోల్తాపడ్డాడు. ఒంటారియో నుంచి వెళ్లిన జార్జ్ డ్రూ రెండుసార్లు ఓడాడు. నోవా స్కోషియాలో తిరుగులేని రాబర్ట్ స్టాన్‌ఫీల్డ్ మూడుసార్లు. పాపం, 1974 ప్రచారంలో ఆయన సరదాగా ఇక్కడి ఫుట్‌బాల్ (చేత్తో విసిరి పట్టుకునేది) ఆడుతూ బంతిని చాలాసార్లు చక్కగా పట్టుకున్నాడట; పత్రిక వాళ్లు మాత్రం ఒక్కసారి జారవిడిచిన ఫొటోనే మొదటి పేజీలో వేశారు. పత్రికల వాళ్ల గురించి నాకు ఇంకా చాలా చెప్పాలని ఉంది కానీ అది వేరే ప్రశ్నకు.

అసలు చెప్పాలనుకున్నది మా సస్కాచువాన్‌కే ప్రీమియర్‌గా చేసిన టామీ డగ్లస్ గురించి. ఆయన సంగతి నాకు పుస్తకంలో కంటే ముందు ఆసుపత్రి మంచం మీద తెలిసింది. అది చెప్పనివ్వండి.

2015 జనవరి. బయట మైనస్ ముప్పై. చెత్త డబ్బా వీధిలో పెట్టి రావడానికి రెండు నిమిషాలు, దానికి బూట్లెందుకని హవాయి చెప్పులతో వెళ్లాను. నవ్వండి, ఫరవాలేదు, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. వాకిట్లో కంటికి కనిపించని మంచు పొర ఉంది. కింద పడటం కంటే ముందు ఎముక విరిగిన చప్పుడు వినిపించింది, ఎండు కంది కట్టె విరిచినట్టు. చీలమండ దగ్గర పాదం ఒక పక్కకు తిరిగిపోయి ఉంది. ఎదురింటాయన చూసి దుప్పటి తెచ్చి కప్పి అంబులెన్సుకు ఫోను చేశాడు.

అత్యవసర విభాగం అనే మాటకు ఇక్కడ అర్థం వేరు. గుండెపోటు అయితే క్షణాల్లో చూస్తారు, అందులో అనుమానం లేదు. ఎముక అయితే ఎక్స్‌రే తీసి, నొప్పి తగ్గే మందు ఇచ్చి, వరండాలో చక్రాల మంచం మీద ఉంచుతారు. నేను ఆ వరండాలో ఏడు గంటలు ఉన్నాను. పైకప్పు పలకలకు ఎన్ని చిల్లులున్నాయో వరుసకు ఇన్ని చొప్పున లెక్కపెట్టాను. మర్నాడు ఆపరేషన్ చేసి ప్లేటు, ఏడు స్క్రూలు బిగించారు.

ఇంటికి పంపే ముందురోజు మా ఆవిడ చేతిలో క్రెడిట్ కార్డు పట్టుకుని వార్డులోని కౌంటరు దగ్గరకు వెళ్లింది. మన అలవాటు మనది. అక్కడున్నామె కార్డు చూసి, "పార్కింగ్‌కా? మెషిను కింద అంతస్తులో ఉందండీ" అంది. మా ఆవిడ వెనక్కి వచ్చి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తు. మేం వచ్చి అప్పటికి రెండేళ్లే. ఉచితమని తెలుసు, వినడం వేరు, ఖాళీ చేతులతో బయటికి రావడం వేరు. (అంబులెన్సు బిల్లు మాత్రం మూడు వారాల తర్వాత పోస్టులో వచ్చింది. ఈ రాష్ట్రంలో అంబులెన్సు ఉచితం కాదు. ఆసుపత్రి ఉచితమట, ఆసుపత్రికి వెళ్లడం ఉచితం కాదట. ఇందులో తర్కం ఏమిటో ఎవరైనా చెబితే వింటాను.)

ఆ చూపుకు కారణం చెప్పాలి. 1998లో మా నాన్నకు కడుపులో పుండు పగిలి గుంటూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. అర్ధరాత్రి. ముందు ముప్పై వేలు కడితేనే థియేటర్‌లోకి తీసుకెళతామన్నారు. మా మేనమామ స్కూటరు మీద వెళ్లి మిర్చి యార్డు కమీషన్ వ్యాపారిని నిద్రలేపాడు. ఆయన డబ్బు ఇచ్చాడు, కాదనను. షరతు ఒక్కటే: అప్పు తీరేదాకా పంట ఆయన దుకాణానికే తోలాలి. తీరడానికి నాలుగు పంటలు పట్టింది. నాలుగేళ్లు ఆయన చెప్పిందే ధర. నాన్న కడుపు మీది గాటు నెలలో మానింది. మన దగ్గర ఆరోగ్యశ్రీ వచ్చింది 2007లో. తొమ్మిదేళ్లు ముందు వచ్చి ఉంటే అని నాన్న ఒక్కసారి కూడా అనలేదు, నేనే అనుకుంటాను.

ఇప్పుడు నా పక్క మంచం ఆయన సంగతి. డెబ్బై ఏడేళ్ల పెద్దాయన, తుంటి ఎముక విరిగింది. టెలిఫోన్ స్తంభాలు ఎక్కే ఉద్యోగం చేసి రిటైరయ్యాడట. జీవితమంతా స్తంభాలెక్కి చివరికి స్నానాల గదిలో పడ్డానని నర్సులందరికీ చెప్పుకునేవాడు. మా ఆవిడ కౌంటరు కథ చెబితే పకపకా నవ్వి, "మీ ఆయన కాలికి టామీ డబ్బు కట్టేశాడమ్మా" అన్నాడు. ఎవరా టామీ అని అడిగాను. ఆయన నన్ను చూసిన తీరు ఎలా ఉందంటే, రాజమండ్రిలో కాపురముండి కాటన్ దొర ఎవరని అడిగినవాణ్ణి చూసినట్టు.

టామీ డగ్లస్ 1904లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు కింద పడి మోకాలికి దెబ్బ తగిలి, ఎముకకు చీము పట్టింది. కుటుంబం కెనడాలోని విన్నిపెగ్‌కు వలస వచ్చాక ఆ జబ్బు తిరగబెట్టింది. తండ్రి పోత కర్మాగారంలో కార్మికుడు, ప్రత్యేక వైద్యులకు చూపించే స్తోమత లేదు. కాలు తీసేయక తప్పదన్నారు. అప్పుడు ఒక ఎముకల వైద్యుడు వార్డులో ఈ పిల్లవాణ్ణి చూసి, నా విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి ఒప్పుకుంటే ఉచితంగా ప్రయత్నిస్తానన్నాడు. కాలు నిలిచింది. ఆ పిల్లవాడు పెద్దయ్యాక అదే కాళ్ల మీద నిలబడి మానిటోబా లైట్ వెయిట్ బాక్సింగ్ చాంపియన్ అయ్యాడు. ఆ వైద్యుడి మంచితనాన్ని జీవితాంతం తలుచుకున్నాడు కానీ, ఆయన పట్టుకున్న పాయింటు అది కాదు. ఆ రోజు ఆ డాక్టరు ఆ వార్డు వైపు రాకపోతే? నా కాలు నా అదృష్టం మీద ఎందుకు ఆధారపడాలి? ఇదే ఆయన రాజకీయమంతా.

అచ్చుయంత్రం పని చేశాడు, తర్వాత చదువుకుని పాస్టరు అయ్యాడు. 1930లో వేబర్న్ అనే చిన్న ఊరి చర్చికి వచ్చాడు. వచ్చిన వేళ మంచిది కాదు: కరవు, దుమ్ము తుఫానులు, గోధుమకు ధర లేదు. ప్రసంగాలు చేస్తే కడుపు నిండదని అర్థమై సి.సి.ఎఫ్. అనే కొత్త సోషలిస్టు పార్టీలో చేరాడు. 1934లో రాష్ట్ర ఎన్నికల్లో ఓడాడు, 1935లో పార్లమెంటుకు గెలిచాడు. అంటే గమనించండి, ఈయన ముందే కేంద్రం చూసినవాడు. 1944లో అది వదులుకుని రాష్ట్రానికి వచ్చాడు. 52 స్థానాల్లో 47 గెలిచాడు. ఉత్తర అమెరికాలో మొదటి సోషలిస్టు ప్రభుత్వం. పదిహేడేళ్లు, వరుసగా ఐదు ఎన్నికలు. అందులోనూ లోటు లేని బడ్జెట్లతో! సంక్షేమమంటే అప్పులే అని ఇక్కడ వాదించే మిత్రులు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవమని మనవి.

పెద్దాయనకు ఇవన్నీ అంకెలు కావు. 1946 నవంబరులో ఆయన తమ్ముడికి అపెండిక్స్ పగిలింది. ఆసుపత్రి బిల్లుకు తండ్రి రెండు గుర్రాలు అమ్మాడు, విత్తనాలకని దాచిన గోధుమలు కూడా అమ్మాడు. డగ్లస్ ఆసుపత్రి బీమా పథకం 1947 జనవరి 1న మొదలైంది. మనిషికి ఏడాదికి 5 డాలర్లు, కుటుంబానికి ఎంతమంది ఉన్నా 30 డాలర్లు దాటదు. "ఆరు వారాలు" అని పెద్దాయన రెండు చేతుల వేళ్లూ ఎత్తి చూపించాడు. "మా తమ్ముడు ఇంకో ఆరు వారాలు ఆగి జబ్బుపడి ఉంటే మా గుర్రాలు మాకుండేవి." తర్వాత కొన్నేళ్లకు వాళ్ల పొలానికి కరెంటు వచ్చింది. ఆ రాత్రి వాళ్లమ్మ ఇంట్లో దీపాలన్నీ వేసి, కోటు తొడుక్కుని, మంచులో గేటు దాకా నడిచి వెళ్లి, వెనక్కి తిరిగి ఇంటిని చూస్తూ నిలబడిందట. ఎంతసేపటికీ రాకపోతే వాళ్ల నాన్న వెళ్లి పిలుచుకొచ్చాడట.

నిజాయితీగా ఒక మాట. ఇదంతా డగ్లస్ ఒక్కడి బుర్రలో పుట్టింది కాదు. ఆయన ఇంకా పిల్లవాడుగా ఉన్న రోజుల్లోనే, 1915లోనే, ఇక్కడి పల్లెలు భూమి పన్ను డబ్బుతో తమకు తామే డాక్టరును జీతానికి పెట్టుకోవడం మొదలుపెట్టాయి. స్విఫ్ట్ కరెంట్ ప్రాంతం వాళ్లు 1946లో డాక్టరు ఖర్చు కూడా కలిపి సొంత పథకం నడిపారు. డగ్లస్ చేసింది దాన్ని రాష్ట్రమంతటికీ చేయడం. మన దగ్గర అయితే పథకానికి ముందు పేరు పెట్టి తర్వాత డబ్బు వెతుకుతారు. ఆయన డబ్బు చూసుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు: ముందు ఆసుపత్రి మంచం ఖర్చు, 1957లో కేంద్రం ఆసుపత్రుల ఖర్చులో వాటా ఇవ్వడానికి చట్టం చేశాక, మిగిలే సొమ్ముతో డాక్టరు ఫీజు. 1959లో ప్రకటించాడు, 1960 ఎన్నికల్లో అదే అడిగి గెలిచాడు.

ఇప్పుడు మీ ప్రశ్న దగ్గరికి వచ్చాం. 1961లో పార్టీ కొత్త రూపం ఎత్తి ఎన్.డి.పి. అయింది, దేశస్థాయి నాయకుడిగా డగ్లస్‌ను ఎన్నుకున్నారు. ప్రీమియర్ పదవి వుడ్రో లాయిడ్‌కు అప్పగించి వెళ్లాడు. 1962 జూన్ 18న పార్లమెంటు ఎన్నికలు. పోటీ ఎక్కడ? రెజైనాలోనే. పదిహేడేళ్లు ప్రీమియర్‌గా కూర్చున్న శాసనసభ భవనం ఉన్న ఊరు. చిత్తుగా ఓడిపోయాడు.

కారణం జూలై 1. వైద్య బీమా ఆ రోజు నుంచి అమల్లోకి రావాలి. డాక్టర్లు ఒప్పుకోలేదు, ఆ రోజు నుంచి సమ్మె అన్నారు. ఎన్నికలు సరిగ్గా దానికి పదమూడు రోజుల ముందు. ఇంతకంటే చెడ్డ ముహూర్తం ఏ పంచాంగంలోనూ దొరకదు.

"మరి మీరు ఎవరికి వేశారు?" అని పెద్దాయనను అడిగాను. కర్టెన్ వైపు చూశాడు. ఆ రోజు చెప్పలేదు. నన్ను ఇంటికి పంపే రోజు పొద్దున, నర్సు ఆయన రక్తపోటు చూసి వెళ్లాక, అడగకుండానే చెప్పాడు. 1962 జూన్‌లో ఆయన భార్యకు ఏడో నెల. తొలిచూలు. వాళ్ల డాక్టరు పరీక్ష చేసి, "జూలై తర్వాత నేను ఈ ఊళ్లో ఉంటానని మాటివ్వలేను" అన్నాడట. "ఇంటికొచ్చి ఆమె ఏడ్చింది. నేను వెళ్లి టామీకి వ్యతిరేకంగా ఓటేశాను. మా అమ్మకు బతికున్నంత కాలం చెప్పలేదు."

సమ్మె 23 రోజులు సాగింది. ప్రభుత్వం బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించింది. వ్యతిరేకులు శాసనసభ ముందు పెద్ద సభ పెడితే అనుకున్న దాంట్లో చిన్న వంతు జనం కూడా రాలేదు. చివరికి బ్రిటన్ నుంచి వచ్చిన లార్డ్ టేలర్ మధ్యవర్తిగా కూర్చుని జూలై 23న రాజీ కుదిర్చాడు. పెద్దాయనకు ఆగస్టులో ఆడపిల్ల పుట్టింది. అదే డాక్టరు పురుడు పోశాడు. బిల్లు రాలేదు.

నా అభిప్రాయం ఇదీ, ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. మంచి ముఖ్యమంత్రి కేంద్రంలో తేలిపోవడానికి సామర్థ్యంతో సంబంధం లేదు. కృతజ్ఞత ఉన్నవాడు దండ వేస్తాడు, ఓటు వేయడు. ఓటు వేసేటప్పుడు ఎవరైనా వచ్చే నెల గురించే ఆలోచిస్తాడు. గుర్రాలు పోయిన ఇంట్లో పుట్టినవాడే భార్య ప్రసవం గురించి భయపడి అలా చేశాడంటే, మిగతావాళ్లను ఏమనాలి? ఆయన్ను నేను తప్పుపట్టను. నేనైనా అదే చేసేవాణ్ణి.

ఇక "తేలిపోయాడు" అన్న మాట. డగ్లస్ ఆ తర్వాత బ్రిటిష్ కొలంబియాలో ఉప ఎన్నికలో గెలిచి పార్లమెంటుకు వెళ్లాడు. 1968లో మళ్లీ ఓడాడు, ఈసారి 138 ఓట్లతో. మళ్లీ ఉప ఎన్నిక, ఈసారి వాంకూవర్ ద్వీపం నుంచి. పార్టీకి ఎప్పుడూ ఇరవై సీట్ల చుట్టుపక్కలే. ప్రధాని పదవి కాదు కదా, ప్రతిపక్ష నాయకుడి హోదా కూడా దక్కలేదు. పైకి చూస్తే విఫలమే. కానీ 1962 నుంచి 1968 దాకా ఒట్టావాలో ఏ ప్రభుత్వానికీ సొంత మెజారిటీ లేదు. ఎమెట్ హాల్ అనే న్యాయమూర్తి కమిషన్ 1964లో సస్కాచువాన్ తరహా బీమా దేశమంతటికీ కావాలని నివేదిక ఇచ్చింది. ఆ కమిషన్‌ను వేసినది కన్సర్వేటివ్ ప్రధాని, చట్టం చేసినది లిబరల్ ప్రధాని పియర్సన్. 1966 డిసెంబరులో ఆ బిల్లు 177-2 ఓట్లతో నెగ్గింది. నాలుగేళ్ల కిందట ఊరు ఊరంతా ఎవరిని తిట్టిపోసిందో ఆయన ఆలోచనకు వ్యతిరేకంగా చేతులెత్తింది ఇద్దరు! 1972కల్లా అన్ని రాష్ట్రాలూ చేరాయి. మన భాషలో చెప్పాలంటే పెళ్లి ఒకరిది, పెత్తనం ఇంకొకరిది, వండిపెట్టింది మాత్రం ఈయన.

1970లో క్యూబెక్‌లో కిడ్నాపులు జరిగి, ప్రధాని ట్రూడో (తండ్రి ట్రూడో, పియర్) యుద్ధకాలపు చట్టం ప్రయోగించి వందలమందిని విచారణ లేకుండా నిర్బంధించినప్పుడు, దేశమంతా చప్పట్లు కొడుతుంటే డగ్లస్ లేచి కాదన్నాడు. వేరుశనక్కాయ పగలగొట్టడానికి సమ్మెట ఎందుకన్నాడు. మళ్లీ తిట్లు తిన్నాడు. ఆయనకు అలవాటే.

దేవుణ్ణి చేస్తున్నాననుకోకండి. 1933లో ఆయన రాసిన ఎం.ఏ. పరిశోధన వ్యాసంలో మానసిక వైకల్యం ఉన్నవారికి సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయాలని సమర్థించాడు. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అధికారంలోకి వచ్చాక, ఆరోగ్య శాఖ తన చేతిలోనే ఉన్నా, అలాంటి చట్టం చేయమన్న సిఫారసును పక్కన పెట్టాడు. రాసినదీ ఆయనే, చేయనిదీ ఆయనే. రెండూ చెప్పాలి.

ఇంకో ఫిర్యాదు. ఈ వ్యవస్థ పెట్టినప్పుడు దంతాలు, కళ్లజోళ్లు మనిషి శరీరంలో భాగాలు కావన్నట్టు వదిలేశారు. ఇంటికి వచ్చాక వాడే మందులూ అంతే, చాలామందికి ఉద్యోగం ఇచ్చిన కంపెనీ బీమాయే దిక్కు. డగ్లస్ వీటిని తర్వాతి మెట్టు అనుకున్నాడు. యాభై ఏళ్లుగా అందరూ ఆ మెట్టు మీద కాలు పెట్టి ఫొటో దిగుతున్నారు. మనలాంటి వాళ్ల తల్లిదండ్రులు చూడటానికి వస్తే వాళ్లకు ఏ కార్డూ లేదు, ప్రైవేటు బీమా కొనుక్కోవాల్సిందే. ముందునుంచీ ఉన్న జబ్బుల దగ్గరకొచ్చేసరికి ఆ కంపెనీల చిన్న అక్షరాలు చదవడానికి భూతద్దం కావాలి.

2018 వేసవిలో అమ్మానాన్నా వచ్చారు. నాన్నకు ఊళ్లు చూడటం కంటే పొలాలు చూడటం ఇష్టం. అందుకని వేబర్న్ తీసుకెళ్లాను, రెజైనా నుంచి 110 కిలోమీటర్లు, దారంతా గోధుమ, ఆవాలు. అక్కడ డగ్లస్ కంచు విగ్రహం ఉంది, 2010లో పెట్టారు. ఆయన మనవడు, హాలీవుడ్ నటుడు కీఫర్ సదర్లాండ్ వచ్చి ఆవిష్కరించాడు. నాన్న చుట్టూ తిరిగి చూశాడు. కథంతా చెప్పాను. 1986లో పోయాడనీ, 2004లో టీవీ వాళ్లు దేశమంతా ఓటింగ్ పెడితే కెనడా చరిత్రలోకెల్లా గొప్ప మనిషిగా ఈయన్నే ఎన్నుకున్నారనీ కూడా చెప్పాను.

"ఎన్నిసార్లు ఓడిపోయాడన్నావు?"

"మూడుసార్లు నాన్నా. రాష్ట్రానికి ఒకసారి, కేంద్రానికి రెండుసార్లు."

"మీ ఊళ్లో ఈయన మీద గెలిచినాయన ఎవరు?"

నాకు తెలియదు. ఫోను తీసి వెతికాను. సిగ్నల్ సరిగ్గా లేక కాసేపు పట్టింది. కెన్ మోర్ అని వచ్చింది. ఆ పేరు చదివి వినిపించేసరికి నాన్న అప్పటికే రోడ్డు అవతలి పొలం గట్టు దాకా వెళ్లి, ఆవ మొక్కను వంచి కాయ నలిపి చూస్తున్నాడు.